జానెడు ఖాళీ: చెన్నై అమ్యూజ్‌మెంట్ పార్కులో నా పదిహేను నెలలు

పార్కులో చేరిన మొదటి వారమంతా నా చేతిలో ఒక కర్ర ఉండేది. దాని మీద 90, 120, 140 సెంటీమీటర్ల దగ్గర మూడు రంగుల గీతలు. లైనులో వచ్చే ప్రతి పిల్లవాడినీ చెప్పులు విప్పి, మడమలు నేలకు ఆనించి నిలబడమనాలి. కర్ర పక్కన పెట్టి చూడాలి. గీత దాటితే లోపలికి, దాటకపోతే వెనక్కి. డిప్లొమా మెకానికల్ చదివింది ఇందుకా అని మొదటి రెండు రోజులు ఏడుపొచ్చింది. పదిహేను నెలల తర్వాత ఉద్యోగం మానేసే రోజుకి మాత్రం, అక్కడున్న కోట్ల రూపాయల యంత్రాలన్నిటికన్నా ఆ కర్ర మీదే నాకు ఎక్కువ గౌరవం ఉండేది. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది సూళ్లూరుపేట. మా ఊరి పిల్లలకి చదువు అయిపోగానే కనిపించే దారులు రెండు. ఒకటి శ్రీసిటీ కంపెనీలు, రెండోది లోకల్ రైలెక్కితే చేరే చెన్నై. మా కాలేజీ సీనియర్ అక్క ఒకామె ఈ పార్కులో మెయింటెనెన్స్‌లో ఉండేది. వేసవికి ఆపరేటర్లు కావాలి, తెలుగు వచ్చిన అమ్మాయిలైతే వెంటనే తీసుకుంటారు అని చెప్పింది. తెలుగు ఎందుకంటే ఏప్రిల్, మే నెలల్లో, మళ్లీ సంక్రాంతికి, మన వైపు నుంచి బస్సులకు బస్సులు వస్తాయి. నెల్లూరు నుంచి చెన్నైకి సుమారు 175 కిలోమీటర్లు. తెల్లవారుజామున బయల్దేరితే గేటు తెరిచే వేళకి వచ్చేస్తారు. తిరుపతి వాళ్లూ, చిత్తూరు వాళ్లూ అంతే. గేటు దగ్గర తమిళంలో మైకు మోగుతుంటే ఏమీ అర్థంకాక నిలబడిపోయే పెద్దవాళ్లని నేను రోజూ చూశాను.

ఇంటర్వ్యూలో చదువు గురించి ఒక్క ప్రశ్నే అడిగారు. మిగతావన్నీ వేరే. రోజుకి తొమ్మిది గంటలు నిలబడగలవా? ఎవరైనా గట్టిగా అరిస్తే ఏం చేస్తావు? ఎత్తంటే భయమా? ఈత వచ్చా? ఈత రాదన్నాను. అప్పుడు డ్రై రైడ్స్‌లో, అంటే నీళ్లు లేని రైడ్లలో వేశారు. ఉద్యోగం పార్కుదే అయినా కాగితం మీద నన్ను తీసుకున్నది ఒక కాంట్రాక్ట్ ఏజెన్సీ. మొదటి నెల జీతంలో యూనిఫారానికనీ బూట్లకనీ కోసుకుని, అవి మానేసేటప్పుడు తిరిగిస్తామని నోటి మాటగా చెప్పారు. ఇవ్వలేదు. ఇలాంటి పనిలో చేరే చెల్లెళ్లకి నేను చెప్పేది ఒకటే. ఏం కోస్తున్నారో, ఎప్పుడు తిరిగిస్తారో కాగితం మీద రాయించుకోండి. పీఎఫ్ నంబరు మొదటి నెలలోనే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని నేను ఊరుకున్నాను, అదే తప్పయింది.

శిక్షణ పదిహేను రోజులు. మా రైడ్ పెద్దాయనది తిరుత్తణి. ఇంట్లో తెలుగు, బయట తమిళం. రెండూ కలిపేసి మాట్లాడేవాడు. అందరం ఆయన్ని అన్న అనే పిలిచేవాళ్లం, వయసుకి మా నాన్నంత ఉన్నా. మొదటి రోజు ఉదయం ఏడున్నరకి నన్ను ఓడ దగ్గరికి తీసుకెళ్లాడు. అదే, ఇటూ అటూ ఊగే పెద్ద ఓడ, జనం కొలంబస్ అంటారు. "ఇదో చూడు పాపా" అని ఒక బోల్టు చూపించాడు. బోల్టు తల మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి పసుపు రంగుతో ఒకే గీత గీసి ఉంది. బోల్టు ఏ మాత్రం తిరిగినా ఆ గీత రెండు ముక్కలుగా పక్కకి జరిగినట్టు కనిపిస్తుంది. పానా పెట్టకుండానే, కంటితో చూసి వదులైందో లేదో చెప్పేయొచ్చు. మూడేళ్ల డిప్లొమాలో ఎవరూ చెప్పని విషయం అది. ఆ రోజు నుంచి ఉదయంపూట టార్చి పట్టుకుని ఆ గీతలు చూడటం నాకు పూజలా ఉండేది.

గేటు తెరవకముందు అక్కడ జరిగేది బయటివాళ్లకి తెలియదు. ముందు మెయింటెనెన్స్ వాళ్లు ప్రతి రైడూ చూస్తారు. తర్వాత మనుషులు లేకుండా మూడు నాలుగు రౌండ్లు తిప్పుతారు. కొన్ని రైడ్లలో సీట్లలో ఇసుక బస్తాలో, నీళ్లు నింపిన బొమ్మలో పెట్టి మళ్లీ తిప్పుతారు. అప్పుడు పుస్తకంలో మెకానిక్ సంతకం, దాని కింద ఆపరేటర్ సంతకం. నా సంతకం లేకుండా రైడ్ తెరవకూడదు. ఏదైనా శబ్దం కొత్తగా వినిపిస్తే సంతకం పెట్టనని చెప్పే హక్కు 19 ఏళ్ల పిల్లకి కూడా ఉంటుంది. నేను రెండుసార్లు పెట్టలేదు. ఒకసారి నిజంగానే బేరింగ్ పోయింది. ఇంకోసారి ఏమీ లేదు, గంటసేపు రైడ్ ఆలస్యమైంది. రెండోసారి కూడా అన్న నన్ను ఏమీ అనలేదు.

పైగా సముద్రం పక్కన పార్కు. ఉప్పుగాలి ఇనుముని తినేస్తుంది. అందుకే ఏడాది పొడుగునా ఏదో ఒక రైడ్ మూసి రంగులు వేస్తూనే ఉంటారు. "డబ్బులిచ్చి వస్తే సగం రైడ్లు మూసేశారు" అని తిట్టుకుంటారు జనం. మూసిన రైడ్‌ని చూసి నాకైతే ధైర్యంగా ఉంటుంది. ఏ రైడ్లు పనిచేయడం లేదో టికెట్ కౌంటర్‌లోనే అడగండి, చెప్తారు. మీరు ఆశపడి వచ్చిందే మూసి ఉంటే వేరే రోజు రండి.

ఇప్పుడు ఆ కర్ర సంగతి.

చేరి రెండో నెల. మే మొదటి ఆదివారం. కత్తిరి ఎండలు. ఓడ దగ్గర లైను షెడ్డు దాటి బయటికొచ్చింది. కర్ర నా చేతిలో ఉంది. ఒక కుటుంబం వచ్చింది. నాన్న కాస్త భారీ మనిషి, అమ్మ, ఎనిమిదేళ్ల బాబు. కర్ర పెడితే బాబు 116 ఉన్నాడు. ఓడకి 120 ఉండాలి. లేదు సార్ అన్నాను తమిళంలో. ఆయన నా యాస పట్టేశాడు.

"ఏమ్మా, తెలుగేనా? ఏ ఊరు?"

"సూళ్లూరుపేట సార్."

"మాది గూడూరు. పక్కపక్కనే గదమ్మా. రెండు గంటలు ఎండలో నిలబడి వచ్చినాం. నా పక్కనే కూర్చోబెట్టుకుంటా, పట్టుకుంటా. పిల్లోడు ఏడుస్తాడు, వదిలెయ్ తల్లీ."

బాబు ఏడవలేదు. మునివేళ్ల మీద లేచి నిలబడి నా వైపు చూశాడు. వాడి జుట్టు గీతకి తగిలింది. నేను కర్ర తీసేశాను. వెళ్లమన్నాను.

ఓడ చివరి వరుసలో, అంటే అన్నిటికన్నా ఎత్తుకి లేచే చోట, ఆయన కూర్చుని బాబుని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. వరుసంతటికీ కలిపి ఒకటే లాప్ బార్, అంటే ఒడి మీదికి దిగి మనిషిని పట్టి ఉంచే కడ్డీ. అది దిగి టక్‌మని పడింది. నేను బొటనవేలు ఎత్తి క్లియర్ అని చూపించబోతున్నాను. అన్న ప్లాట్‌ఫాం అవతలి నుంచి మెల్లగా నడిచి వచ్చి, బార్‌కీ బాబు తొడలకీ మధ్య చెయ్యి పెట్టాడు. బొటనవేలు ఇటు, చిటికెన వేలు అటు. జానెడు ఖాళీ.

ఆయన ఒక్క మాట అనలేదు. బార్ తెరిపించి, బాబుని ఎత్తుకుని కిందికి దించాడు. వాళ్ల నాన్న అరిచిన అరుపులు షెడ్డంతా వినిపించాయి. ఎక్కించి దించుతారా, మనుషులా మీరు అన్నాడు. ఆయన కోపంలో న్యాయం ఉంది. మొదటే లేదని గట్టిగా చెప్పి ఉంటే ఆ బాబు అందరి ముందు అలా దిగాల్సి వచ్చేది కాదు. నాకు మెమో ఇచ్చారు. నెల రోజులు రైడ్ నడిపే ప్యానెల్ ముట్టుకోనివ్వలేదు.

సాయంత్రం జనం వెళ్లిపోయాక అన్న నన్ను ఖాళీ ఓడలో చివరి వరుసలో కూర్చోబెట్టాడు. తను పక్కన కూర్చున్నాడు. బార్ దింపించాడు. ఆయన పొట్టకి తగిలి బార్ ఆగిపోయింది. నా ఒడికి దానికీ మధ్య ఇంకా చాలా ఖాళీ. "అర్థమైందా? వరుసలో అందరికన్నా లావుగా ఉన్నవాళ్ల దగ్గర బార్ ఆగిపోతుంది. సన్నగా ఉన్నవాళ్లకి బార్ ఉన్నట్టే, లేనట్టే. ఓడ పైకి లేచినప్పుడు ఒక్క క్షణం ఒళ్లు తేలుతుంది చూడు, అప్పుడు మనల్ని పట్టుకునేది ఇదొక్కటే. నాన్న చెయ్యి పట్టుకోదు. నాన్న చెయ్యి ఆయన్నే పట్టుకుంటుంది." తర్వాత చిన్నగా ఒక రౌండ్ తిప్పించాడు. పైకి వెళ్లిన ప్రతిసారీ నా ఒళ్లు సీటు వదిలి బార్‌కి తగిలి మళ్లీ కూర్చుంది. నేను 157 సెంటీమీటర్లు. 116 ఉన్న బాబు అక్కడ కూర్చుని ఉంటే అన్న ఆలోచన ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. చాలా రాత్రులు పోనివ్వలేదు.

అందుకే తల్లిదండ్రులకి ఇంత వివరంగా చెప్తున్నాను. కలిపి ఒకే బార్ ఉన్న రైడ్‌లో, ఎత్తు సరిపోయినా సరే, పిల్లల్ని పెద్దవాళ్ల పక్కన కాకుండా వాళ్ల సైజు పిల్లలతో ఒక వరుసలో కూర్చోబెట్టమని అడగండి. బార్ దిగాక మీ చేత్తో మీరే చూసుకోండి. ఒడికి ఆనాలి. ఆనకపోతే చెయ్యెత్తి అరవండి. సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అలాగే గిర్రున తిరిగే రైడ్లలో ఇద్దరు కూర్చునే సీటు ఉంటే, పెద్దవాళ్లు బయటి వైపు, పిల్లలు లోపలి వైపు కూర్చోవాలి. తిరిగేటప్పుడు లోపలున్నవాళ్లు బయటివాళ్ల మీదికి నెట్టుకొస్తారు. పెద్దవాళ్లు లోపలుంటే పిల్లలు నలిగిపోతారు. అటెండెంట్ మీ సీట్లు మార్చమంటే కారణం ఇదే.

జెయింట్ వీల్ దగ్గర ఇలాంటిదే ఇంకో గొడవ. జనం తక్కువగా ఉన్నప్పుడు వరుసగా వచ్చే డబ్బాల్లో అందరినీ ఎక్కించం. ఒకదానిలో ఎక్కిస్తే, తర్వాత దానికి ఎదురుగా ఉండే డబ్బాలో ఎక్కిస్తాం. బరువంతా ఒకవైపే పడితే చక్రం తిప్పే మోటారుకీ, ఆపే బ్రేకుకీ భారం. "ఖాళీ డబ్బా కళ్ల ముందే పోతోంది, ఎక్కనివ్వరేం" అని రోజుకి పదిమందైనా అడిగేవాళ్లు. మొదట్లో రూల్ అంతే అనేదాన్ని. తర్వాత త్రాసు అన్నాను, ఒక తట్టలోనే వేస్తే ఏమవుతుందన్నాను. కూరగాయలు కొన్న ప్రతి అమ్మకీ వెంటనే అర్థమైంది. 1893లో చికాగోలో ఫెర్రిస్ అనే ఇంజినీరు కట్టిన మొట్టమొదటి పెద్ద చక్రం 264 అడుగుల ఎత్తు, 36 డబ్బాలు, ఒక్కో డబ్బాలో 60 మంది పట్టేవాళ్లట. దాన్ని ఎలా నింపేవాళ్లో అని ఇప్పటికీ ఆలోచిస్తుంటాను.

రెడ్ బటన్ గురించి కూడా చెప్పాలి. ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే అన్నీ టక్కున ఆగిపోతాయని అందరూ అనుకుంటారు. ఓడ ఆగదు. ఓడ అడుగున ఒక టైరు తిరుగుతూ దాన్ని ఇటూ అటూ తోస్తుంది. కరెంటు తీసేస్తే తోయడం ఆగుతుంది కానీ ఊగడం వెంటనే ఆగదు. జెయింట్ వీల్ ఆపేస్తే పైనున్నవాళ్లు పైనే ఉండిపోతారు. కాబట్టి ఎప్పుడు నొక్కాలో నేర్చుకున్నంత శ్రద్ధగా, ఎప్పుడు నొక్కకుండా మామూలుగా కిందికి తేవాలో కూడా నేర్చుకోవాలి. ఎవరో పైన కళ్లు తిరుగుతున్నాయని అరిస్తే భయంతో రెడ్ బటన్ నొక్కేయడం కొత్తవాళ్లు చేసే పని. నేనూ శిక్షణలో ఒకసారి అలాగే చెయ్యి చాచాను, అన్న నా మణికట్టు పట్టుకున్నాడు.

మధ్యలో ఆగిపోయిన రైడ్‌లో మీరు ఉంటే, దయచేసి కూర్చున్నచోటే కూర్చోండి. చాలా రైడ్లలో బ్రేకు తెరిచి ఉంచడానికే గాలి ప్రెషరో కరెంటో కావాలి. అవి పోతే బ్రేకు దానంతటదే పడుతుంది. రోలర్ కోస్టర్‌లో ఒక్క సెన్సార్‌కి అనుమానం వచ్చినా మొత్తం ఆగిపోతుంది. ఆగడమంటే ఎక్కువసార్లు యంత్రం తన పని తాను చేసినట్టే. అసలు ప్రమాదం మనిషి కంగారుపడి బార్ తీయడానికి ప్రయత్నించినప్పుడే. ఆ సమయంలో పైనున్నవాళ్లకి కావాల్సింది ఒక గొంతు. ఒకసారి కరెంటు పోయి, జనరేటర్ అందుకునేలోపు మా వీల్ ఆగింది. మైకు పనిచేయలేదు. నేను కింద నుంచి చేతులు అడ్డంపెట్టుకుని తెలుగులో, తమిళంలో "ఏం కాలేదు, కూర్చోండి, రెండు నిమిషాలు" అని అరుస్తూనే ఉన్నాను. ఆ రెండు నిమిషాలకే గొంతు పోయింది. కిందికి దిగాక ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని, నీ అరుపు వినిపించబట్టి ప్రాణం కుదుటపడింది బిడ్డా అంది.

కోస్టర్ నేను నడపలేదు కానీ మధ్యాహ్నం భోజనం దాని పక్కనే చేసేదాన్ని. ఎక్కేటప్పుడు వినిపించే టకటక శబ్దం జనాన్ని భయపెడుతుంది. అది పళ్ల పట్టీ మీద పడుతూ వెళ్లే ఇనుప కొక్కెం. గొలుసు తెగినా బండి వెనక్కి జారకుండా పట్టుకునేది అదే. ఉదయం మొదటి రౌండ్‌కన్నా మధ్యాహ్నం కోస్టర్ వేగంగా వెళ్తుంది. చక్రాల బేరింగుల్లో గ్రీజు వేడెక్కుతుంది కాబట్టి. భయం ఉన్నవాళ్లు పొద్దున్నే ఎక్కండి, మధ్యలో కూర్చోండి. ముందు సీటులో అంతా కనిపిస్తుంది, వెనక సీటులో దిగేటప్పుడు బండి లాగేసి ఒళ్లు ఎక్కువ తేలుతుంది. ఓడలో కూడా వాంతి భయం ఉంటే నడుమ కూర్చుని దూరంగా ఒకచోట చూడండి. బిర్యానీ తిని వెంటనే ఎక్కకండి. శుభ్రం చేసేది మాలాంటి అక్కలే.

కోస్టర్‌లో బండి తలకిందులుగా తిరిగొచ్చే లూప్ గుండ్రంగా ఉండదని అన్న ఇసుకలో వేలితో గీసి చూపించాడు. తలకిందులు చేసిన నీటిచుక్కలా ఉంటుంది. 1895లో అమెరికాలో కోనీ ఐలాండ్‌లో గుండ్రటి లూప్ కట్టారు, దాంట్లో మెడలు పట్టేసేవి. 1976లో వెర్నర్ స్టెంగెల్ అనే జర్మన్ ఇంజినీరు లెక్కగట్టిన చుక్క ఆకారపు లూప్ కాలిఫోర్నియాలో వచ్చింది. ఆ తర్వాతే లూప్‌లు మామూలు జనం ఎక్కేవయ్యాయి. పదో తరగతితో ఆపేసిన మనిషి ఈ సంగతి అంత ప్రేమగా చెప్తుంటే నేను అన్నం తినడం మర్చిపోయాను.

అమ్మాయిలుగా మేము చేసిన ఒక పని గురించి ఎవరూ మాట్లాడరు. గర్భిణులు ఎక్కకూడదని బోర్డు ఉంటుంది. కానీ రెండో నెలలో ఉన్న అమ్మాయి ఇంకా ఇంట్లో చెప్పి ఉండదు. అత్తగారు, ఆడపడుచులు, మరిది అందరూ లైనులో ఉంటారు. ఎక్కనంటే ఎందుకని అడుగుతారు. చెప్పలేక, ఎక్కలేక మొహం పాలిపోయి నిలబడుతుంది. అలాంటి మొహాలు మాకు తెలిసిపోయేవి. బార్ చూసే నెపంతో వంగి, "అక్కా, ఎక్కకూడనిది ఏమైనా ఉంటే కళ్లు మూసి తెరువు చాలు" అని మెల్లగా అడిగేదాన్ని. తెరిస్తే, అందరికీ వినిపించేలా "ఈ సీటు బెల్టు సరిగా పడటం లేదు, మీరు దిగాలి మేడమ్, వేరే సీటు లేదు" అనేదాన్ని. వాళ్ల వాళ్లు నన్ను తిట్టేవాళ్లు. ఆమె బయటి బల్ల మీద కూర్చుని నా వైపు చూసేది. అక్కడున్నన్నాళ్లలో అలా ఏడెనిమిది మంది. ఇది చదివే అక్కలూ, ఆడ అటెండెంట్ ఉంటే ఆమెకి ఒక్క సైగ చేయండి. నెపం వాళ్లే చూసుకుంటారు.

చున్నీ గురించి కూడా అంతే గట్టిగా చెప్తాను. గో కార్ట్ అనే చిన్న రేసు బండిలో ఇంజిను, తిరిగే ఇరుసు సీటు వెనకే ఉంటాయి. జారిన చున్నీ గానీ విరబోసుకున్న జడ గానీ అందులో చుట్టుకుంటే ఆపే సమయం ఉండదు. చున్నీ తీసి లాకర్‌లో పెట్టండి, జుట్టు ముడి వేసి హెల్మెట్ లోపలికి తోయండి. లైనులో వెనకున్నవాళ్లు విసుక్కున్నా సరే.

రెండో వేసవికి నన్ను నీళ్ల వైపు మార్చారు. ఈలోగా పార్కులోనే ఈత నేర్చుకున్నాను. లైఫ్‌గార్డుల పక్కన, వేవ్ పూల్ ఒడ్డున. ఆ పూల్‌లో అలలు గాలితో వస్తాయి. లోతు వైపు గోడ వెనక గదుల్లోకి బ్లోయర్లు గాలి కొడతాయి, ఆ గాలి నీటిని తోస్తుంది. అలలు మొదలయ్యే ముందు సైరన్ మోగుతుంది. సైరన్ వినగానే జనమంతా కేకలేస్తూ లోతు వైపు పరిగెత్తుతారు. మేము మాత్రం మాటలు ఆపేసి నీళ్లనే చూస్తాం.

అక్కడ నేర్చుకున్న వాటిలో నన్ను బాగా భయపెట్టినది, మునిగిపోయే మనిషి అరవడని. చేతులు ఊపి రక్షించండి అనడానికి ఊపిరి ఉండదు. తల వెనక్కి వాలుతుంది, నోరు నీటి మట్టం దగ్గర తెరుచుకుని ఉంటుంది, చేతులు నీటిని కిందికి నొక్కుతుంటాయి. చూడటానికి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. లైఫ్‌గార్డులకి నేర్పే లెక్క 10, 20. తన భాగమంతా 10 సెకన్లలో ఒకసారి చూడాలి, ఏదైనా కనిపిస్తే 20 సెకన్లలో చేరాలి. కళ్లు అలిసిపోతాయి కాబట్టి కాసేపటికోసారి చోటు మారుస్తారు. అయినా ఒక్క గార్డు కళ్లు వందల మంది మీద తిరుగుతుంటాయి. మీ పిల్లల మీద తిరగాల్సినవి మీ కళ్లు. ఫోన్ లాకర్‌లో పెట్టేసి, చెయ్యి చాస్తే అందే దూరంలో ఉండండి. మోకాలి లోతులో కూర్చోబెట్టిన పసివాళ్లని కూడా వెనక్కి లాగే అల పడేస్తుంది.

బట్టల దగ్గర గొడవ రోజూ ఉండేది. నైలాన్ బట్టలే వేసుకోవాలనడం అద్దె బట్టల వ్యాపారం కోసమే అనుకుంటారు చాలామంది. కాటన్ తడిస్తే బరువెక్కి ఒంటికి చుట్టుకుంటుంది, స్లైడులో పట్టేస్తుంది, దాని పీచు ఫిల్టర్లలో చేరుతుంది. ఇంటి నుంచే నైలాన్‌వి తెచ్చుకుంటే అద్దె అక్కర్లేదు. హుక్కులు, జిప్పులు లేనివి చూసుకోండి. స్లైడులో చేతులు ఛాతీ మీద, కాళ్లు చీలమండల దగ్గర ఒకదాని మీద ఒకటి వేసుకోమనేది కూడా ఊరికే కాదు. వేగంగా కింద నీళ్లలో పడినప్పుడు నీళ్లు కాళ్ల మధ్య గట్టిగా కొడతాయి.

నీళ్లలో ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువ వేశారనుకుంటాం. క్లోరిన్ చెమటతో, మూత్రంతో కలిసినప్పుడు వచ్చే వాసన అది. ముందు షవర్ చేసి దిగమని బతిమాలేది అందుకే. చిన్నపిల్లల్ని గంటకోసారి టాయిలెట్‌కి తీసుకెళ్లండి. మా దగ్గర కొన్ని గంటలకోసారి నీళ్లు చిన్న సీసాలో తీసి రంగు చుక్కలు వేసి చూసేవాళ్లం. ఆ రంగు సరిగా లేని రోజు పూల్ మూయాలని పట్టుబట్టిన కెమిస్ట్ అక్కతో పైవాళ్లు పోట్లాడటం చూశాను. ఆమె గెలిచింది, గంటన్నర మూశారు.

సాయంత్రం ఫిల్టర్ బుట్ట తెరిస్తే పట్టీలు, పక్క పిన్నులు, కళ్లజోళ్లు, ఒకసారి కట్టుడు పళ్లు. ఒకరోజు మంగళసూత్రం దొరికింది. నల్లపూసలతో, మనవైపుదే అని చూడగానే తెలిసింది. మూడో రోజు కావలి నుంచి ఫోన్ వచ్చింది. భార్యాభర్తలిద్దరూ మళ్లీ బస్సెక్కి వచ్చారు. గుర్తులు అడిగి ఇచ్చాం. ఆమె అక్కడే, సెక్యూరిటీ గదిలోనే, ఆయన చేత కట్టించుకుంది. మీ వస్తువు పోతే ఆ రోజే ఆశ వదులుకోకండి. బుట్టలు రాత్రే తెరుస్తారు, మర్నాడు ఫోన్ చేయండి. అసలు బంగారం ఇంట్లో పెట్టి రావడమే మంచిది.

ఎప్పుడు రావాలని చుట్టాలు అడుగుతుంటారు. చెన్నైలో ఇప్పుడు పార్కులకి కొదవలేదు. ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) మీద వీజీపీ, ఎంజీఎం పాతవి. పూందమల్లి దాటాక క్వీన్స్‌ల్యాండ్ ఉంది. 2025 డిసెంబరులో తిరుప్పోరూరు దగ్గర వండర్‌లా కూడా వచ్చింది. ఏ పార్కైనా మంగళ, బుధవారాలు నయం. పొంగల్ అయిన రెండు రోజులకి వచ్చే కాణుం పొంగల్ రోజు మాత్రం వద్దు, ఆ రోజు నగరమంతా సముద్రం వైపే ఉంటుంది. గేటు తెరిచే వేళకి ఉండండి. లోపలికి రాగానే ఎదురుగా కనిపించే రైడ్ దగ్గర అందరూ ఆగిపోతారు. మీరు నేరుగా పార్కు చివరికి వెళ్లిపోయి అక్కడి నుంచి వెనక్కి రండి. మొదటి గంటన్నరలో ఎక్కినన్ని రైడ్లు తర్వాత రోజంతా ఎక్కలేరు. ఎండాకాలంలో పన్నెండు నుంచి మూడు దాకా ఇనుప సీట్లు కాలుతుంటాయి. ఆ వేళ వేవ్ పూల్ కిక్కిరిసి ఉంటుంది కూడా. కాబట్టి ఆ సమయంలో నీడలో తినడం, షోలు చూడటం మంచిది.

చిన్నప్పుడు నాన్న మమ్మల్ని వీజీపీకి తీసుకెళ్లాడు. అక్కడ గేటు దగ్గర కదలకుండా, నవ్వకుండా బొమ్మలా నిలబడే మనిషి ఉండేవాడు. ఆయన్ని నవ్వించాలని నేనూ అక్కా ఎన్ని కోతి చేష్టలు చేశామో. అప్పుడు ఆయన కాళ్లు ఎంత నొప్పెడుతున్నాయో అన్న ఊహే రాలేదు. ఈ ఉద్యోగంలో మొదటి నెల నా మడమలు వాచిపోయి రాత్రి బకెట్‌లో ఉప్పునీళ్లు పోసి కాళ్లు పెట్టుకుని కూర్చున్నప్పుడు గుర్తొచ్చాడు. ఇప్పుడు పార్కుకి వెళ్తే అటెండెంట్లకి వణక్కం చెప్తాను, వాళ్లు సీటు మార్చమంటే ఎందుకని అడగకుండా మారతాను.

జూన్‌లో నాకు శ్రీసిటీలో ఉద్యోగం వచ్చింది. మా ఊరికి దగ్గర, జీతం ఎక్కువ. ఆఖరి రోజు అన్న ఏమీ ఇవ్వలేదు, ఏమీ చెప్పలేదు. ఓడ మీద చివరి రౌండ్‌కి బార్లు నన్నే చూడమన్నాడు. ప్రతి వరుసలో చెయ్యి పెట్టి చూసి, బొటనవేలు ఎత్తాను.

ఈ సంక్రాంతికి అక్క వాళ్లు చెన్నై వస్తామన్నారు. అక్క కూతురికి ఓడ అంటే ఇష్టం, వీడియోల్లో చూసింది. నిన్న దాన్ని వంటింటి తలుపు పక్కన గోడకి నిలబెట్టి, మడమలు ఆనించి, పెన్సిల్‌తో గీత గీసి టేపు పెట్టాను. 117. ఓడ ఈసారి కాదు బంగారూ, వచ్చే ఏడు అన్నాను. కాసేపు మూతి ముడుచుకుంది. తర్వాత 117కి ఏవేవి ఎక్కొచ్చో ఒక్కొక్కటిగా చెప్పించుకుని, తన నోట్‌బుక్‌లో రాసుకుంది.